అనుభవజ్ఞుణ్ని కొనే ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ కుర్రాడి కోసం?

మీరు అడిగినదాన్ని కుదించి చెప్పుకుంటే ఇది. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో వెస్ట్స్ టైగర్స్ జట్టు 2023 సీజన్‌కు ముందు పేరున్న నలుగురు ఆటగాళ్లను తెచ్చుకుని కూడా పట్టికలో అట్టడుగునే మిగిలింది. పెన్‌రిత్ పాంథర్స్ మాత్రం సొంత కుర్రాళ్లతో 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. అలాంటప్పుడు బయటివాళ్లను కొనడం మానేసి కుర్రాళ్లనే ఆడించవచ్చు కదా, రెండూ కావాలంటే ఏ నిష్పత్తిలో ఉండాలి అన్నది మొదటి ప్రశ్న. రెండోది మీ స్థానిక క్లబ్ గురించి. కమిటీ ముందు ఇద్దరు మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల పేర్లున్నాయి. ఒకరు ప్రాప్ (మధ్యలో ఢీకొనే భారీ ఫార్వర్డ్), ఒకరు హాఫ్‌బ్యాక్ (ఆటను నడిపించేవాడు). మీ దగ్గర ఇప్పటికే 19 ఏళ్ల హాఫ్‌బ్యాక్ ఒకడు ఎదిగివస్తున్నాడు, మీ ఫార్వర్డ్‌లూ కుర్రాళ్లే. తీసుకోవాలా, వద్దా?

పశ్చిమ సిడ్నీలో జూనియర్ జట్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చినవాడిగా, వయసువారీ జట్ల ఎంపికల్లో కూర్చున్నవాడిగా ముందుగా ఒక మాట చెబుతాను. నిష్పత్తి అనే ఆలోచనే మనల్ని దారి తప్పిస్తుంది. పది మంది సీనియర్లు, ఇరవై మంది కుర్రాళ్లు అని లెక్క వేసుకున్న క్లబ్ టైటిల్ గెలవవచ్చు, అదే లెక్కతో ఇంకో క్లబ్ ఆఖరి స్థానంలో ఉండవచ్చు. బయటి నుంచి ఒక సీనియర్‌ను తెస్తున్నప్పుడు పట్టిక చూసి కాదు, మన దగ్గరున్న కుర్రాళ్లను చూసి నిర్ణయం తీసుకోవాలి. ఇతను వస్తే ఏ కుర్రాడి ఆట సులువవుతుంది? ఎవరి దారి మూసుకుపోతుంది? ఎంతకాలం? ఈ మూడింటికీ పేర్లతో జవాబు చెప్పలేని క్లబ్ ఆ సంతకం చేయించకూడదు.

టైగర్స్ సంగతే చూడండి. 2023కు వాళ్లు తెచ్చినవాళ్లు అపి కొరొయిసౌ, ఐజాయా పాపలీ, డేవిడ్ క్లెమర్, జాన్ బేట్‌మన్. నలుగురూ మంచి ఆటగాళ్లే, అందులో అనుమానం లేదు. కొరొయిసౌ అప్పటికే పెన్‌రిత్‌తో రెండు, అంతకుముందు 2014లో సౌత్ సిడ్నీతో ఒక టైటిల్ గెలిచినవాడు. కానీ ఈ నలుగురి స్థానాలు గమనించండి. ఒకరు హుకర్ (ట్యాకిల్ అయ్యాక బంతిని అందించేవాడు), మిగతా ముగ్గురూ ఫార్వర్డ్‌లు. బంతిని ఎటు నడిపించాలో, తమ వంతుకు దొరికే ఆరు ట్యాకిల్స్‌లో చివరిదానికి ముందు ఎక్కడికి తన్నాలో నిర్ణయించే హాఫ్‌ల స్థానంలో జట్టుకు అప్పటికే లోటు ఉంది. క్లెమర్ కోసం జాక్సన్ హేస్టింగ్స్‌ను న్యూకాజిల్‌కు ఇచ్చేయడంతో ఆ లోటు ఇంకా పెరిగింది. సీజన్ మొదట్లోనే ఆడమ్ డుయేహీ మోకాలి గాయంతో దూరమయ్యాడు. ఫార్వర్డ్‌లు కష్టపడి ముందుకు తెచ్చిన బంతికి ముగింపు ఇచ్చేవాడు కనపడలేదు. ఆ ఏడాది గెలిచినవి నాలుగే మ్యాచ్‌లు. 2022లో గెలిచినవీ నాలుగే.

కాబట్టి ఆ సీజన్ నుంచి సీనియర్లు పనికిరారని పాఠం తీసుకోనక్కరలేదు. జట్టులో ఏ ఎముక విరిగిందో చూడకుండా కట్టు కట్టారు, అంతే. కబడ్డీ చూసేవాళ్లకు ఇలాంటిదే ఒకటి గుర్తుండాలి. ప్రో కబడ్డీ పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్నది. అతను పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం చివరి స్థానంలోనే ఆగిపోయింది.

ఇక పెన్‌రిత్. కుర్రాళ్లతోనే గెలిచారని అందరూ అంటారు. అది నిజమే, కానీ సగం నిజం. నేథన్ క్లియరీ, జరోమ్ లువాయ్, బ్రయన్ టోఓ, స్టీఫెన్ క్రైటన్, లియమ్ మార్టిన్, ఐజా యో, మోసెస్ లియోటా, ఇలా ఆ వ్యవస్థలో పెరిగినవాళ్ల జాబితా పొడుగ్గానే ఉంటుంది. సెయింట్ మేరీస్, మౌంట్ డ్రూయిట్ లాంటి పేటల్లో ఈ ఆట ఆడే పిల్లల సంఖ్య దేశంలోనే పెద్దది. 2011లో ఫిల్ గూల్డ్ జనరల్ మేనేజర్‌గా వచ్చాక క్లబ్ ఆ పిల్లల మీద డబ్బూ ఓపికా రెండూ పెట్టింది. ఫలితం 2022లో స్పష్టంగా కనిపించింది. ప్రధాన పోటీ ఎన్‌ఆర్‌ఎల్, దాని కింది స్థాయి ఎన్‌ఎస్‌డబ్ల్యూ కప్, కుర్రాళ్ల పోటీలైన జెర్సీ ఫ్లెగ్, ఎస్‌జీ బాల్, నాలుగు స్థాయిల్లోనూ పెన్‌రిత్‌దే టైటిల్.

ఇదంతా టీవీలో చెబుతారు. జేమ్స్ మలోనీ గురించి మాత్రం అంతగా చెప్పరు. క్లియరీ 2016లో పద్దెనిమిదేళ్లకే ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. 2018లో క్లబ్ అతని పక్కన ఫైవ్ ఎయిత్ (హాఫ్‌ల జంటలో రెండోవాడి) స్థానంలో మలోనీని నిలబెట్టింది. మలోనీ అప్పటికి 2013లో రూస్టర్స్‌తో, 2016లో క్రొనల్లాతో టైటిల్ గెలిచినవాడు, ముప్పై దాటినవాడు. ట్యాకిల్స్ తప్పుతాడని, పెనాల్టీలు ఇస్తాడని విమర్శలుండేవి. కానీ వెనకబడిన మ్యాచ్‌లో కంగారుపడని మనిషి. ఇరవై ఏళ్ల హాఫ్‌బ్యాక్‌కు పక్కన కావలసింది అదే. ప్రతి సెట్‌నూ (ఆ ఆరు ట్యాకిల్స్ వంతునూ) తానే నడపాలన్న భారం క్లియరీ మీద నుంచి కొంత తగ్గింది. బంతిని పక్కవాడికి అప్పగించి, డిఫెన్స్ ఎలా కదులుతోందో చూసే వెసులుబాటు దొరికింది. అదే ఏడాది ఇద్దరూ కలిసి న్యూ సౌత్ వేల్స్ హాఫ్‌లుగా ఆడి, క్వీన్స్‌లాండ్‌తో ఏటా జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్ గెలిచారు.

రెండు సీజన్ల తర్వాత మలోనీ ఫ్రాన్స్‌లోని కాటలన్స్ క్లబ్‌కు వెళ్లిపోయాడు. ఆ రెండేళ్లూ సీనియర్ జట్టులో అడపాదడపా అవకాశాలతో, మిగతా సమయం కింది స్థాయిలో ఆడుతూ గడిపిన లువాయ్ 2020లో ఆ స్థానంలోకి వచ్చాడు. 2019లో పదో స్థానంలో ఉన్న జట్టు 2020 లీగ్ దశలో 20 మ్యాచ్‌లలో 18 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒకే ఒక్కటి ఓడింది. ఫైనల్లో మెల్‌బోర్న్ చేతిలో 26-20తో ఓడినా, తర్వాతి నాలుగు టైటిళ్లకు దారి అక్కడే పడింది.

తీగ పందిరి పట్టుకునే దాకా ఊతకర్ర ఉండాలి, పట్టుకున్నాక దాన్ని తీసేయాలి. మలోనీ ఒప్పందంలో నాకు నచ్చేది ఈ రెండో భాగమే. తేవడం ఏ క్లబ్ అయినా చేయగలదు. లువాయ్ సిద్ధంగా ఉన్నాడని గుర్తించి, ఇంకా ఆడగలిగిన సీనియర్‌ను పంపించడానికి ఒప్పుకోవడం కష్టం. 2019లో పదో స్థానంలో నిలిచిన ఏ క్లబ్‌లోనైనా అభిమానులు ఏమంటారు? ఉన్న అనుభవజ్ఞుణ్ని కూడా వదిలేస్తారా అని నిలదీస్తారు. కమిటీలో ఉన్నవాళ్లు ఆ ఒత్తిడిని తట్టుకోవాలి.

హుకర్ స్థానంలోనూ ఇదే పద్ధతి నడిచింది. 2020లో మాన్లీ నుంచి కొరొయిసౌ వచ్చాడు. అతను ఉన్న మూడేళ్లూ మిచ్ కెనీ అతనితో కలిసి ఆడుతూ నేర్చుకున్నాడు. 2023లో కొరొయిసౌ టైగర్స్‌కు వెళ్లేసరికి కెనీకి ఆ పని కొత్త కాదు. క్రొనల్లా నుంచి వచ్చిన కర్ట్ కేప్‌వెల్, స్కాట్ సోరెన్సన్ కూడా పెద్ద పేర్లేమీ కాదు, ఫలానా పని చేయగలరని చూసి తెచ్చినవాళ్లు. పెన్‌రిత్ కొన్న సీనియర్లలో ఒక్కడు కూడా సిద్ధంగా ఉన్న కుర్రాడి దారికి అడ్డం పడలేదని గట్టిగా చెప్పగలను.

కుర్రాళ్లతోనే గెలవవచ్చనుకుంటే ఏమవుతుందో బ్రిస్బేన్ బ్రాంకోస్ చూపించింది. మీరు టైగర్స్ దగ్గర ఆగిపోయారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రతిభకు కొదవ లేని జట్టు కూలిపోయిన ఉదంతం ఇది.

2019, 2020 నాటి బ్రాంకోస్‌లో పేన్ హాస్, డేవిడ్ ఫిఫిటా, పాట్రిక్ కారిగన్, టామ్ ఫ్లెగ్లర్ ఉండేవారు. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల లోపువాళ్లు. ఆ వయసు ఫార్వర్డ్‌లలో అంత బలమైన బృందం ఇంకే క్లబ్‌కూ లేదు. కానీ వాళ్ల చుట్టూ ఉండాల్సిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2018 మొదట్లో బెన్ హంట్ వేరే క్లబ్‌కు మారాడు. ఆ ఏడాది చివర సామ్ థైడే రిటైరయ్యాడు, జోష్ మెక్‌గ్వైర్ కౌబాయ్స్‌కు వెళ్లాడు. మాట్ గిలెట్ గాయాలతో ఆట మానేశాడు. 2020 మధ్యలో హుకర్ ఆండ్రూ మెక్‌కలోను కూడా న్యూకాజిల్‌కు పంపించారు. 2019 నాకౌట్ దశలో పారమాటా చేతిలో 58-0, 2020 జూన్‌లో రూస్టర్స్ చేతిలో 59-0 తేడాతో ఓడారు. 2020లో 20 మ్యాచ్‌లకు గెలిచినవి మూడు. క్లబ్ చరిత్రలో మొదటిసారి ఆఖరి స్థానం.

ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక మ్యాచ్‌లో బంతి పట్టుకుని 100 మీటర్లు పరుగెత్తగలడు, నలుగురిని మోసుకుంటూ ముందుకు దూసుకెళ్లగలడు. ప్రత్యర్థికి వరసగా రెండు ట్రైలు (స్కోర్లు) ఇచ్చుకున్నాక గోల్ లైన్ వెనక నిలబడి, తర్వాతి సెట్‌ను సాదాగా పూర్తి చేద్దామని చెప్పి పన్నెండు మంది చేత వినిపించుకోవడం మాత్రం అతనికి సాధ్యం కాదు. ఆ మాటకు విలువ రావాలంటే చెప్పేవాడు అలాంటి పరిస్థితి నుంచి ముందెప్పుడో బయటపడి ఉండాలి. ఆ బ్రాంకోస్ మ్యాచ్‌లను మళ్లీ చూడండి. మొదటి ఇరవై నిమిషాలు బాగానే ఆడతారు. ఒక్క తప్పు జరగ్గానే దాన్ని సరిదిద్దే తొందరలో ఇంకో మూడు జరుగుతాయి. ఆ ఓటముల తర్వాత కుర్రాళ్ల మొహాలు చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఆ నింద మోయాల్సింది వాళ్లు కాదు.

తర్వాత 2022లో ఆడమ్ రేనాల్డ్స్ వచ్చాడు. సౌత్ సిడ్నీ అతనికి ఒక్క ఏడాదికే ఒప్పందం ఇస్తానంది, బ్రాంకోస్ మూడేళ్లు ఇచ్చింది. వచ్చేనాటికి వయసు 31. ముప్పై దాటిన హాఫ్‌బ్యాక్‌కు మూడేళ్లు ఎక్కువని అప్పట్లో చాలామంది అన్నారు. కానీ హాస్, కారిగన్‌లకు ఎన్నాళ్లుగానో లేనిది అదే, తమ కష్టాన్ని మంచి కిక్‌తో ముగించేవాడు. 2023లో జట్టు గ్రాండ్ ఫైనల్‌కు వెళ్లింది. 24-8 ఆధిక్యం నుంచి క్లియరీ ఉన్న పెన్‌రిత్ చేతిలో 26-24తో ఓడిపోయింది. 2025లో మెల్‌బోర్న్‌పై 26-22తో టైటిల్ గెలిచేనాటికి రేనాల్డ్స్‌కు 35 ఏళ్లు, ఆ మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడైన రీస్ వాల్ష్‌కు 23. ఆ ఏడాదే బెన్ హంట్ కూడా తిరిగి బ్రాంకోస్‌కు వచ్చాడు.

రేనాల్డ్స్‌ను వదులుకున్న సౌత్ సిడ్నీ వైపు నుంచి కూడా ఈ కథ చూడాలి. వాళ్లు అతని స్థానాన్ని లాక్లన్ ఇలియాస్‌కు ఇచ్చారు. సీనియర్ స్థాయిలో అనుభవం దాదాపు లేని కుర్రాడు. కుర్రాడికి అవకాశం ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ రేనాల్డ్స్ వెళ్లకముందు ఇద్దరూ కలిసి ఆడిన కాలమంటూ లేదు. 2022లో జట్టు ఫైనల్‌కు ముందు మెట్టైన ప్రిలిమినరీ ఫైనల్ దాకా వెళ్లినా, ఒక మ్యాచ్‌లో అరగంటకే ఇలియాస్‌ను బయటికి పిలిపించారు. 2024 మొదట్లో జట్టులోంచే తీసేశారు. ఆ సీజన్ ముగిసేసరికి 17 జట్లలో సౌత్‌ది 16వ స్థానం. అనుభవజ్ఞుడి నుంచి కుర్రాడి చేతికి పగ్గాలు ఒక్క రోజులో మారకూడదు, కనీసం ఒక సీజన్ ఇద్దరూ కలిసి పట్టుకోవాలి.

స్థానాల సంగతి కాస్త మాట్లాడుకోవాలి, ఎందుకంటే కుర్రాళ్లందరినీ ఒకే గాటన కట్టడం మన దగ్గర ఎక్కువ. వింగ్, ఫుల్‌బ్యాక్, సెంటర్ స్థానాల్లో పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకే నిలబడగలరు. వేగం, గాలిలో బంతి పట్టుకోవడం వయసుతో వచ్చేవి కావు. ప్రాప్ సంగతి వేరు. మధ్యలో 110 కిలోల మనుషులు పదేపదే ఢీకొంటుంటే తట్టుకునే శరీరం ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు గానీ కుదురుకోదు. 2016 నుంచి ఎన్‌ఆర్‌ఎల్‌లో మ్యాచ్‌కు ఆటగాళ్ల మార్పిళ్లు ఎనిమిదే. 2020లో సిక్స్ అగైన్ (కొన్ని తప్పులకు ఆట ఆపకుండా ఆరు ట్యాకిల్స్ మళ్లీ మొదలుపెట్టే) నియమం వచ్చాక ఆట ఆగడం తగ్గింది. దాంతో మధ్యలో ఆడేవాళ్ల ఊపిరి మీద భారం ఇంకా పెరిగింది. హుకర్ ఒక మ్యాచ్‌లో నలభైకి పైగా ట్యాకిల్స్ చేయడం మామూలు. కాబట్టి నేనైతే డబ్బు మొదట మధ్యలో ఆడే సీనియర్ ఫార్వర్డ్ మీద పెడతాను, తర్వాత హాఫ్‌ల జంటలో ఒకరి మీద. వింగర్‌ను కొనడానికి పెద్ద మొత్తం ఖర్చు పెట్టే క్లబ్‌ను చూస్తే మాత్రం వాళ్ల జూనియర్ వ్యవస్థ మీద అనుమానం వస్తుంది.

వయసు గురించి ఇంకో మాట. ఎన్‌ఆర్‌ఎల్‌లో 18 నిండనివాళ్లు ఆడకూడదన్నది నియమం. 2021లో జోసెఫ్ సుఆలీకి పదిహేడేళ్లకే ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అంతటి ప్రతిభ అరుదు, దాన్ని ఉదాహరణగా తీసుకుని మిగతా పిల్లలను తొందరపెట్టకూడదు. వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ పరిసరాల మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఈ ఆటలోకి వస్తున్నారు. తల్లిదండ్రులు నాతో చెప్పే దిగులు ఒకటే, మావాడు పక్కపిల్లల కన్నా చిన్నగా ఉన్నాడని. పద్నాలుగేళ్లకే మీసాలొచ్చిన పిల్లవాడు ఆ వయసు జట్టులో అందరినీ గుద్దుకుంటూ పోతాడు, అతనికి నైపుణ్యం నేర్చుకోవలసిన అవసరమే రాదు. చిన్నగా ఉన్న పిల్లవాడు బతకడానికి పాస్, కాళ్ల పని, ట్యాకిల్ కోణం నేర్చుకుంటాడు. పందొమ్మిదేళ్లకు శరీరాలు సమానమయ్యాక నిలిచేవాడు చాలాసార్లు ఈ రెండోవాడే. పదిహేనేళ్లకే పిల్లలను వడపోసి వదిలేసే క్లబ్‌లు రేపటి హాఫ్‌బ్యాక్‌లను ఈరోజే పోగొట్టుకుంటున్నాయి.

కుర్రాడు ఎదగాలంటే అతను వారం వారం ఆడాలి, అదీ పెద్దవాళ్ల మధ్య ఆడాలి. 2008 నుంచి 2017 దాకా ఎన్‌ఆర్‌ఎల్‌కు జాతీయ స్థాయిలో 20 ఏళ్ల లోపు పోటీ ఉండేది. టీవీలో వచ్చేది, స్కోర్లు భారీగా ఉండేవి, చూడ్డానికి సరదాగా ఉండేది. కానీ కుర్రాళ్లు కుర్రాళ్ల మీదే ఆడటం వల్ల డిఫెన్స్ నేర్చుకోలేదు. అక్కడ తారలుగా వెలిగినవాళ్లు చాలామంది సీనియర్ స్థాయిలో తేలిపోయారు. ఆ పోటీని ఎత్తేసి కుర్రాళ్లను ఎన్‌ఎస్‌డబ్ల్యూ కప్, క్వీన్స్‌లాండ్ కప్‌ల వైపు నడిపించడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. అక్కడ ముప్పై రెండేళ్ల పాత ప్రాప్ ఒకడు మొదటి ట్యాకిల్‌లోనే పాఠం చెబుతాడు.

సొంత జట్టులో చోటు లేకపోతే అరువు పంపాలి. మెల్‌బోర్న్ స్టార్మ్ 2020లో హ్యారీ గ్రాంట్‌తో ఇదే చేసింది. హుకర్ స్థానంలో కామెరాన్ స్మిత్ ఇంకా ఆడుతున్నాడు. 400కు పైగా మ్యాచ్‌లు ఆడిన మనిషిని ఎవరు పక్కన పెడతారు? అందుకని గ్రాంట్‌ను ఒక సీజన్‌కు టైగర్స్‌కు ఇచ్చి, బదులుగా పాల్ మొమిరోవ్‌స్కీని తీసుకున్నారు. గ్రాంట్ ఏడాదంతా సీనియర్ స్థాయిలో ఆడాడు, ఆ ఏడాదే క్వీన్స్‌లాండ్‌కు ఎంపికయ్యాడు. స్మిత్ ఆట మానేసేసరికి మెల్‌బోర్న్‌కు తయారైన హుకర్ దొరికాడు. కుర్రాణ్ని రిజర్వ్ బెంచీ మీద కూర్చోబెట్టి పెద్దవాణ్ని చూసి నేర్చుకోమనడం మాత్రం నాకు నచ్చదు. చూస్తే వచ్చేది కొంతే.

డబ్బు సంగతి ఇక్కడ రాక తప్పదు. ఎన్‌ఆర్‌ఎల్‌లో శాలరీ క్యాప్ (ఒక క్లబ్ ఇవ్వగల మొత్తం జీతాల మీద పరిమితి) ఉంది. 2023లో ముప్పై మంది ప్రధాన ఆటగాళ్లకు అది 1.21 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. కుర్రాళ్లు తక్కువ జీతానికి ఆడుతున్నంత కాలం ఆ మిగులుతో సీనియర్లను తేవచ్చు. టైటిల్ గెలవగానే ఆ కుర్రాళ్ల ధర పెరుగుతుంది, అందరినీ ఉంచుకోవడం కుదరదు. పెన్‌రిత్ నుంచి మాట్ బర్టన్, విలియామే కికావ్, క్రైటన్ ముగ్గురూ బుల్‌డాగ్స్‌కు వెళ్లారు. 2025కు లువాయ్ టైగర్స్‌కు, జేమ్స్ ఫిషర్-హారిస్ న్యూజిలాండ్ వారియర్స్‌కు వెళ్లారు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడికి ఇక్కడ బదిలీ రుసుము రాదు. పెంచిన క్లబ్‌కు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లను క్లబ్‌లకు పంచే డ్రాఫ్ట్ పద్ధతిని ఒకసారి ప్రయత్నించారు గానీ, ఆటగాళ్లు కోర్టుకు వెళ్లడంతో 1991లో అది చెల్లదని తీర్పు వచ్చింది. ఆటగాడి స్వేచ్ఛ వైపు నుంచి చూస్తే ఆ తీర్పు సరైనదే. కాబట్టి క్లబ్‌లు వెళ్లేవాణ్ని తిట్టుకోవడం మాని, ఎవరు ఎప్పుడు వెళ్తారో రెండేళ్ల ముందే అంచనా వేసుకోవాలి. పెన్‌రిత్ చేసింది అదే. 2024 ఫైనల్లో మెల్‌బోర్న్‌ను 14-6తో ఓడించిన జట్టులో 2021 నాటివాళ్లు చాలామంది లేరు.

ఇంగ్లండ్‌లో పెద్ద పాఠం లీడ్స్ రైనోస్. 1972 తర్వాత 32 ఏళ్లు లీగ్ టైటిల్ లేని క్లబ్ అది. కెవిన్ సిన్‌ఫీల్డ్‌కు 22 ఏళ్లకే కెప్టెన్సీ ఇచ్చారు. డానీ మెగ్వైర్, 2024లో మోటార్ న్యూరాన్ వ్యాధితో మనల్ని విడిచిన రాబ్ బరో, జేమీ జోన్స్-బుకానన్, అందరూ ఆ అకాడమీ పిల్లలే. 2004లో బ్రాడ్‌ఫర్డ్‌ను 16-8తో ఓడించి టైటిల్ గెలిచినప్పుడు వాళ్ల మధ్య ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డేవిడ్ ఫర్నర్ ఉన్నాడు. ఆ ఫైనల్‌తోనే అతను ఆట ముగించాడు. ఆ తర్వాత 2006లో జేమీ పీకాక్‌ను, 2007లో కైలీ లెలువాయ్‌ను తెచ్చారు. గమనించారా, ముగ్గురూ ఫార్వర్డ్‌లే. తెలివితేటలు ఇంట్లో పెరిగాయి, వాటికి కాపలా బయటి నుంచి వచ్చింది. పీకాక్, లెలువాయ్ ఇద్దరూ 2015 దాకా ఉన్నారు.

ఆ 2015లో మూడు ట్రోఫీలు గెలిచిన వెంటనే సిన్‌ఫీల్డ్, పీకాక్, లెలువాయ్ ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోయారు. 2016లో లీడ్స్ తొమ్మిదో స్థానానికి జారి, లీగ్‌లో చోటు కాపాడుకునే పోటీ ఆడాల్సి వచ్చింది. ఆ శీతాకాలంలో వరదలొచ్చి శిక్షణ మైదానం మునగడం, గాయాలు కూడా కారణాలే. అయినా ముగ్గురు పెద్దవాళ్లను ఒకే రోజు కోల్పోవడాన్ని ఏ జట్టూ తట్టుకోలేదు. సీనియర్ల కాంట్రాక్టులు వేర్వేరు సంవత్సరాల్లో ముగిసేలా చూసుకోమని నేను పదేపదే చెప్పేది ఇందుకే. పేరు కోసమే కొనడం గురించి ఎక్కువ రాయను. 2020లో టొరంటో వుల్ఫ్‌ప్యాక్ భారీ ఒప్పందంతో సోనీ బిల్ విలియమ్స్‌ను తెచ్చింది. ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడింది, సీజన్ మధ్యలోనే పోటీ నుంచి తప్పుకుంది.

మళ్లీ టైగర్స్ దగ్గరికి వస్తే, 2025కు లువాయ్‌ను తేవడం 2023 కొనుగోళ్ల కన్నా ఎంతో మేలైన ఆలోచన. లోటున్న చోట మనిషిని తెచ్చారు. అతని పక్కన ఎదగాల్సిన లాక్లన్ గాల్విన్ మాత్రం కాంట్రాక్టు పొడిగింపుకు ఒప్పుకోక, ఆ సీజన్ మధ్యలోనే బుల్‌డాగ్స్‌కు వెళ్లిపోయాడు. సీనియర్‌ను సంతకం చేయించే రోజే, ఆ స్థానం పక్కనున్న కుర్రాడితోనూ కూర్చుని అతని భవిష్యత్తు తేల్చుకోవాలని నేననేది ఇలాంటివి చూసే.

ఇప్పుడు మీ క్లబ్. ప్రాప్‌ను తీసుకోండి. మీ ఫార్వర్డ్‌లు కుర్రాళ్లని రాశారు కాబట్టి అతను వెంటనే పనికొస్తాడు, ఎవరి దారీ మూయడు. కానీ మ్యాచ్ రోజు మాత్రమే వచ్చి ఆడి వెళ్తానంటే వద్దనండి. మంగళ, గురువారాల శిక్షణకు రావాలి, మీ యువ ప్రాప్‌లలో ఇద్దరి పేర్లు అతనికి ముందే చెప్పాలి, ట్యాకిల్ సాధనలో వాళ్లతోనే జత కట్టాలి. హాఫ్‌బ్యాక్‌ను ఒకే షరతు మీద తీసుకోండి. అతను ఫైవ్ ఎయిత్‌గా ఆడటానికి ఒప్పుకోవాలి, హాఫ్‌బ్యాక్ వేసుకునే ఏడో నంబర్ జెర్సీ మీ పందొమ్మిదేళ్ల అబ్బాయిదే కావాలి. ఆట ఎటు నడవాలో అబ్బాయి చెబుతాడు, చిక్కుల్లో పడ్డప్పుడు పెద్దాయన సర్దుతాడు. ఏడో నంబర్ తనకే కావాలంటే, ఎంత తక్కువకు వస్తానన్నా సరే, మర్యాదగా వద్దని చెప్పండి.

ఇద్దరికీ ఒక్క సీజన్ ఒప్పందమే రాయండి. సీజన్ సగానికి కూర్చుని అబ్బాయి ఆట ఎలా ఉందో చూసి, రెండో ఏడాది సంగతి అప్పుడు తేల్చండి. ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. క్లబ్ పేజీలో ఆ పేర్లు ప్రకటించకముందే కోచ్ స్వయంగా ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రుల ముందు కూర్చుని, వచ్చేవాడు ఎందుకొస్తున్నాడో, ఎంతకాలం ఉంటాడో చెప్పాలి. ఫోనులో చెబితే చాలదు.